కొట్టింది ప్రజలండి

ఆ ఏడు వానాకాలం కోనసీమలో నిటారుగా నిలబడ్డవి కొబ్బరిచెట్లే. మనుషులందరూ వంగిపోయారు.

రెండువేల ఆరో సంవత్సరం. పేపర్లవాళ్ళు చికున్‌గున్యా అని రాశారు. దిగువకోడు జనానికి అంత పేరు పలికే ఓపిక కూడా మిగలక ‘గున్యా’ అని ఊరుకున్నారు. ఒళ్ళు కాలిపోయేది, కీళ్ళు పట్టేసేవి, జ్వరం దిగినా నడుం లేచేది కాదు. పదెకరాల ఆసామీ, ఆయన తోటలో చెట్టెక్కి కాయలు దింపు తీసే కూలీ ఒకే వంపులో నడిచేవారు. అసలే గోదావరి మర్యాదలు, ఆపైన ఈ వంపు. ఎవరు దణ్ణం పెడుతున్నారో, ఎవరికి నడుం పట్టేసిందో దగ్గరికి వెళ్తే గాని తెలిసేది కాదు.

ఊరంతా వంగినా నిలువుగా ఉన్న ఇల్లు ఒక్కటే. మాధవీలతది. ఆమె, భర్త ప్రసాదు, అత్తగారు రాజ్యం, ముగ్గురూ ఒక్క పూటైనా మంచం పట్టలేదు. ప్రసాదు పూర్తి పేరు నాగదుర్గాప్రసాద్. అంబాజీపేటకు కొబ్బరికాయల లోడ్లు ఎత్తించేవాడు. భుజాలు ఎంత గట్టివో కోపం అంత పలచన, ఇట్టే పొంగేది.

“మా కోడలి భక్తండి. మంగళవారం, శుక్రవారం చీకటితో లేచి అమ్మవారి కుండకి దణ్ణం పెట్టుకుంటాది” అని రాజ్యం ఊరంతా చెప్పేది.

ఆ కుండల సంగతి చెప్పాలి. జ్వరం ఊళ్ళోకి రాగానే పెద్దమనిషి గంగరాజు గారు చాటింపు వేయించారు: ప్రతి గుమ్మం ముందూ కొత్త కుండ, కుండలో పసుపునీళ్ళు, పైన వేపకొమ్మ. అమ్మవారు శాంతించి ఊరు దాటేవరకు ఆ నీళ్ళు పారబోయకూడదు, కుండ కదపకూడదు. కదిపితే ఆ ఇంటి పాపం ఊరి నెత్తిన పడుతుంది. పది రోజులకు మాధవీలత ఒక ఉదయం ముగ్గు వేస్తూ కుండలోకి తొంగిచూసింది. పసుపంతా అడుక్కి దిగింది. పైన తేటనీళ్ళల్లో తోకలు పైకి, తలలు కిందికి పెట్టి సన్నటి పురుగులు గంతులేస్తున్నాయి. అమలాపురం కాలేజీలో జువాలజీ ప్రాక్టికల్సులో వాటి బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్న మనిషి ఆమె. దోమపిల్లలని గుర్తుపట్టింది. కాలేజీలో గాజుసీసాలో ఉండేవి, ఇక్కడ అమ్మవారి సొంత కాపలాలో ఉన్నాయి.

ఆనాటి నుంచి మంగళ, శుక్రవారాలు చీకటితో లేచి కుండ కాలవలో బోర్లించి, కడిగి, కొత్తనీళ్ళు, కొత్త పసుపు, అదే వేపకొమ్మ. ఇదీ భక్తి. పక్కింటామె వచ్చి “నీ చేతి మహిమేటమ్మా” అంటే “ఆయ్, అంతా అమ్మవారి దయండి” అనేది. చెప్పాలని ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే కుండ కదిపిన సంగతి బయటపడుతుంది. ఊరి మాట దేవుడెరుగు, ముందు అత్తగారే గుండె ఆగి పోతుంది. అందుకని తన కుండ తను చూసుకుంది. పక్కవాళ్ళ కుండల్లో పురుగులు పక్కవాళ్ళవి.

ఇంతలో అచ్చాయమ్మ చచ్చిపోయింది. ముసలిదే అయినా నిన్నమొన్నటి వరకు తాటాకు బుట్టలు అల్లింది. ఈ జ్వరానికి ఎవరూ చావరని, చచ్చినవాళ్ళు వయసు వల్ల చచ్చారని సర్కారు ప్రకటన వచ్చింది. దహనం నుంచి వస్తూ గంగరాజు గారు కాలవగట్టు మీద నిలబడిపోయారు.

“వయసు నిన్న కూడా ఉందిగదండీ ఆవిడకి? నిన్నెందుకు చావలేదు? మందు కొట్టే మిషను అమలాపురంలో ఉందంట. మనకెందుకు రాలేదు? మనమేమన్నా ఓట్లెయ్యలేదా?”

ఆ మాటలో అబద్ధం లేదు. మలేరియా ఆఫీసు మనుషులు ఆ సీజను మొత్తం మీద ఒకసారి వచ్చి, సెంటరులో టీ తాగి, గోడ మీద సుద్దముక్కతో తారీకు వేసి వెళ్ళారు. దోమలు చదువుకున్నవి కావు గనక ఆ తారీకు చూసి భయపడలేదు.

---

దిగువకోడుకు ఎగువన, అదే కాలవ మీద, ఎగువకోడు. మాధవీలత పుట్టిల్లు అదే. అక్కడ ఆమె అన్న మురళీమోహన్ కువైట్ నుంచి సెలవు మీద వచ్చి వారం అయింది. కొత్తగా దిగిన మనిషి గనక ఇంకా వంగలేదు. ఆ ఊళ్ళో నిలువుగా ఉన్న మగాడు అతనొక్కడే కావడంతో అమ్మవారి పని అతని మీద పడింది.

అక్కడి ఆచారం ఇది: ఊళ్ళో రోగం ముదిరితే అరటి బోదెలతో తెప్ప కట్టి, ఎర్రగుడ్డ పరిచి, ఘటం పెట్టి, దీపం, కోడిపుంజు ఉంచి కాలవలో వదులుతారు. రోగం తెప్పెక్కి సముద్రానికి పోతుంది. దారిలో ఊళ్ళవాళ్ళు దాన్ని చేత్తో తాకకూడదు. తాకినవాడి ఇంటికి, ఆగిన రేవు ఊరికి రోగం దిగుతుంది. కాలవ బాగా పారే రోజుల్లో ఇబ్బంది లేదు. ఎవరి రోగం వాళ్ళు పక్కవాళ్ళ రేవు మీదుగా మర్యాదగా పంపించుకునేవాళ్ళు.

ఇప్పుడు కాలవ నిండా గుర్రపుడెక్క. ఒకప్పుడు నీళ్ళు వదిలే ముందు ఇంటికో మనిషి దిగి డెక్క లాగేసేవాడు. తర్వాత ఆ పని ఇరిగేషన్‌వాళ్ళదని తేలింది. తేలినప్పటి నుంచి రెండూళ్ళూ గట్టు మీద కూర్చుని ఇరిగేషన్‌వాళ్ళ కోసం ఎదురుచూస్తున్నాయి. డెక్క మాత్రం ఎవరి కోసం చూడకుండా పెరిగింది.

ఎగువకోడు తెప్ప సాయంత్రం బయల్దేరి, తెల్లారేసరికి దిగువకోడు రేవులో డెక్కలో ఇరుక్కుని, కోడిపుంజుతో సహా నిలబడింది. పుంజు కూసింది. ఊరు లేచింది.

“ఆళ్ళ రోగం మన రేవులో దింపేరండీ!”

అచ్చాయమ్మ చావు, మిషను రాకపోవడం, వంగిన నడుములు, అన్నీ కలిసి ఒక్క పుంజు మీదికి వచ్చాయి. గంగరాజు గారి తీర్పు ఏమిటంటే, తెప్పను చేత్తో తాకకుండా వెదురుగెడలతో, కొక్కేల తాళ్ళతో ఎగువకు లాగి, రెండూళ్ళ సరిహద్దు తూము దాటించి, వచ్చిన చోటికే పంపాలి. ఎగువకోడు నుంచి కబురు కూడా అంతే మర్యాదగా వచ్చింది: తెప్ప తూము దాటితే దాంతోపాటు తమరిలో కొందరు పడుకుని వెళ్తారండి, దయచేసి రావద్దండి.

మాధవీలత పెరట్లో ఉండగా ప్రసాదు కాయలు వలిచే గునపం నేలలోంచి పెరికాడు. మూరెడు మొన, కొబ్బరిపీచు రాసి రాసి వెండిలా మెరుస్తోంది.

“ఎక్కడికండీ ఆ గునపం?”

“కాయ వలవాలి.”

“కాలవగట్టు మీదా?”

“మీ అన్న భుజాల మీదుంది. పీచెక్కువ, పప్పు తక్కువ.”

“మీరు ఒక్కరే నిలబడగలిగిన మనిషి ఈ ఊళ్ళో. ఆ ఊళ్ళో మా అన్నయ్య. మిగతావాళ్ళు కర్ర ఎత్తలేరు, ఎత్తినా దించలేరు. కొట్టుకుంటే మీరిద్దరే కొట్టుకోవాలి. ఆలోచించేరా?”

“నన్ను నిలబెట్టిన అమ్మవారు ఇందుకే నిలబెట్టిందేమో” అని ప్రసాదు వెళ్ళిపోయాడు.

నిలబెట్టింది ఎవరో మాధవీలతకు తెలుసు. చేతికున్న పసుపు చీరకు తుడుచుకుంది. వారానికి రెండుసార్లు కుండ కడిగి కడిగి, అన్నను చంపడానికి తనే ఒక మనిషిని ఆరోగ్యంగా ఉంచింది. ఆ ఆలోచన వచ్చాక ఇంట్లో ఉండలేకపోయింది. అత్తగారు పిలుస్తున్నా వినకుండా బయల్దేరింది.

వీధి మొదట్లో జీపు ఆగి ఉంది. ఇన్నాళ్ళకు మలేరియా ఆఫీసు సూపర్‌వైజరు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు దిగారు. వెనక సీట్లో పొగమిషను. ఊరు ఖాళీగా కనిపించేసరికి ఆయన ఇళ్ళ ముందు ఆగి కుండల్లోకి చూస్తున్నారు. వెడల్పాటి మనిషి, చంకలో గొడుగు. తన ఆఫీసుకు రావలసిన మందులో సగం రొయ్యల చెరువులవాళ్ళకు చేరుతుందని జనం అనేవారు, ఆయన కాదనేవారు కాదు.

“చూడమ్మా! మిషనుకి డీజిలు మీ పంచాయితీ పోయించాలి, పోయించరు. మేం రాలేదని తిడతారు. ఇదేటి ఇది? ఇంటింటికీ దోమల్ని పెంచుతున్నారా?” అంటూ గంగరాజు గారి గుమ్మం ముందు కుండను బూటుకాలితో తన్నారు. కుండ పగిలింది. నీళ్ళు, పసుపు, వేపకొమ్మ, పురుగులు మెట్ల మీద పరచుకున్నాయి.

మాధవీలత లోపల ఎక్కడో ‘హమ్మయ్య’ అనుకుంది. ఒక్క తన్నుకు ఇంత పని జరుగుతుందని తెలిస్తే తనే ఎప్పుడో తన్నేదాన్నని కూడా అనుకుంది.

“చదువుకున్నదానిలా ఉన్నావు. చెప్పమ్మా ఆళ్ళకి.”

“చెబుతానండి. జనమంతా తూము దగ్గరున్నారు. కొట్టుకుంటున్నారు. మీరొచ్చి ఒక మాట చెబితే ఆగుతారేమో.”

“పోలీసుల పనమ్మా అది” అన్నారాయన. అంటూనే, మిషను వచ్చిందని జనానికి చూపించుకోవచ్చని తోచినట్టుంది, డ్రైవరును గట్టు మీదికి పోనిమ్మన్నారు. ఆమె అడ్డదారిన పరుగెత్తింది.

---

తూముకు ఇవతల దిగువకోడు, అవతల ఎగువకోడు. నడుమ నీళ్ళల్లో తెప్ప, తెప్ప మీద విసిగిపోయిన కోడిపుంజు. రెండు వైపులా కలిపి వందమందికి పైగా. అందరూ వంగి ఉన్నారు. దూరం నుంచి చూస్తే యుద్ధానికి వచ్చినట్టు లేదు, అందరిదీ ఏదో ఒకటి కింద పడిపోతే వెతుక్కుంటున్నట్టు ఉంది.

“అయ్యా గంగరాజు గారూ, తమరు పెద్దలు. తెప్ప తూము దాటితే తమరి బుర్ర బద్దలు కొట్టాల్సొస్తదండి. మాకిష్టం లేదండి” అన్నాడు అవతలి నుంచి లోవరాజు. ఎగువకోడులో డప్పు వాయించే మనిషి.

“చిత్తం లోవరాజుగారూ. తమరి రోగం తమరు పట్టుకెళ్ళకపోతే తమరి కాళ్ళు ఇరగ్గొట్టి ఆ తెప్ప మీదే కూకోబెడతామండి. ఏమనుకోకండి.”

“ఆయ్. కానియ్యండి.”

కానిచ్చారు. ఎవరో గెడతో తెప్పను ఎగువకు నెట్టారు, ఎవరో అవతలి నుంచి దిగువకు నెట్టారు, రెండు గెడలూ ఒకదాన్నొకటి రాసుకుని ఒకటి జారి లోవరాజు ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఎండుమట్ట విరిచినట్టు వినిపించింది. ఆ తర్వాత మర్యాదలు తగ్గాయి.

కర్రలు లేచాయి. లేచిన కర్రలు దిగకముందే కొట్టేవాళ్ళ నోట ‘అమ్మా’ అని వచ్చేది, భుజాలు అలా పట్టేసి ఉన్నాయి. దెబ్బ తిన్నవాడూ అరిచేవాడు, వేసినవాడూ అరిచేవాడు. పిడికిలి మూతపడనివాళ్ళు మోచేతులతో పొడిచారు. మోచేతులు వంగనివాళ్ళు ఎదుటివాడి మీద పడిపోయి, ఇద్దరూ లేవలేక అక్కడే కొరుక్కున్నారు. నవ్వు రావలసిన సంగతే. కాని గట్టు మీద నెత్తురు జారుడుగా ఉంది, ఒకడి చెవి వేలాడుతోంది, లోవరాజు విరిగిన చేతిని పొట్టకు అదుముకుని మోకాళ్ళ మీద పాకుతుంటే ఇవతలివాడొకడు ఆ చేతి మీదే తొక్కాడు.

వాళ్ళందరి మధ్య ఇద్దరు నిలువు మనుషులు ఒకరి వైపు ఒకరు వస్తున్నారు.

“ఏం బావా, కువైట్‌లో ఏం నేర్పేరు? ఇతరుల రేవుల్లో రోగాలు దింపడమా?”

“ఆడపడుచుని ఇచ్చిన ఇంటికి ఏదైనా సారె పంపాలి గదా బావా. పంపేం.”

మురళి చేతిలో ఇనపపొన్ను వేసిన వెదురుగెడ. మొదటి దెబ్బ అతనిదే. ప్రసాదు చెంప చీలి, పళ్ళు బయటికి కనిపించాయి. ప్రసాదు నెత్తురు ఉమ్మి, వంగి, గునపం పిడితో మురళి మోకాలు పగలగొట్టాడు. మురళి పడ్డాడు. పడ్డవాడు మట్టి తీసి కళ్ళల్లో కొట్టాడు. ప్రసాదు కళ్ళు మూసుకునే అతని ఛాతీ మీద మోకాలు పెట్టి, ఎడమ చేత్తో గొంతు తడిమి పట్టుకుని, కుడిచేత గునపం మొన కిందికి తిప్పాడు. కాయను వలిచేటప్పుడు గునపం నేలలో ఉంటుంది, కాయ చేతిలో ఉంటుంది. ఇప్పుడు తలకిందులు.

“ఏవండీ! వద్దండీ! అన్నయ్యండీ!”

ఆమె గొంతు ఎవరికీ వినబడలేదు. ఆ గోలలో వినబడే పేరు ‘అన్నయ్య’ కాదు. ఆ ఇద్దరి మధ్యకు వెళ్ళాలంటే ఇరవైమంది వంగిన వీపులు అడ్డం. గునపం పైకి లేచింది.

సరిగ్గా అప్పుడే జీపు గట్టెక్కింది. సూపర్‌వైజరు గారు ముందు సీట్లో నిలబడి గొడుగు ఊపుతున్నారు.

మాధవీలత ఆలోచించలేదు అనడం అబద్ధం. ఆలోచించింది. ఎంత తొందరగా ఆలోచించిందంటే, ఆలోచన అయిపోయాక కూడా గునపం ఇంకా గాలిలోనే ఉంది.

“అదిగో! అమ్మవారి కుండ తన్నిందాయనే! గంగరాజుగారి గుమ్మంలో! బూటుకాలితో! ఇదంతా ఆళ్ళ వల్లే! మందు అమ్ముకున్నారు, మనల్ని చంపేరు, ఇప్పుడు కుండలు పగలగొడుతున్నారు!”

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అందుకే అంతలా పని చేసింది.

వందమంది తలలు తిప్పారు. ఎగువకోడు, దిగువకోడు అన్న తేడా ఆ తిప్పడంలోనే పోయింది. ప్రసాదు గునపం దించి, కళ్ళల్లో మట్టి తుడుచుకుని లేచాడు. కింద ఉన్న బావకు చెయ్యిచ్చి లేపాడు. మురళి ఆ చెయ్యి పట్టుకుని, కుంటుతూ, పక్కనే నడిచాడు. పెళ్ళయినప్పటి నుంచి వాళ్ళిద్దరూ అంత దగ్గరగా నడవగా ఆమె చూడలేదు.

“బాబూ, నేనొచ్చింది మిషను...” అన్నారు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు. “ఆ కుండల్లో దోమలు...”

డ్రైవరు అటునుంచి అటే వరిచేలో పడి పరుగెత్తాడు. మురళి గెడ సూపర్‌వైజరు గారి కాళ్ళ వెనక తగిలింది. ఆయన జీపులోంచి బోర్లా పడ్డారు. లేవబోతుంటే ప్రసాదు గునపం తల మీద పడింది. కళ్ళజోడు విరిగి కంట్లో దిగింది. ఆ తర్వాత ఎవరి దెబ్బ ఎవరిదో చెప్పలేం. చేతులు లేవనివాళ్ళకు కాళ్ళున్నాయి. అందరూ వంగే ఉన్నారు గనక కింద పడ్డ మనిషిని కొట్టడానికి ఎవరికీ శ్రమ లేదు. లోవరాజు ఒంటిచేత్తో రాయి తెచ్చాడు. గంగరాజు గారు చెప్పు తీశారు. అచ్చాయమ్మ కొడుకు సూపర్‌వైజరు గారిని వెల్లకిలా తిప్పి, ఛాతీ మీదికెక్కి “వయసేనండీ? వయసేనండీ మీకూ?” అని అడుగుతూ తొక్కాడు. ఆయన “అమ్మా” అని ఒకసారి, “తల్లీ” అని ఒకసారి అన్నారు. రెండోది మాధవీలత వైపు చూసి అన్నట్టు ఆమెకు అనిపించింది. చెబుతానండి అన్న మనిషి తనే గదా.

పొగమిషను కాలవలో పడింది. జీపు బోర్లాపడి కాలింది.

ఆమె అన్న బతికాడు. భర్త హంతకుడు కాలేదు, కనీసం బావమరిది విషయంలో. ఆమె కోరుకున్నది అంతే, అది జరిగింది.

---

ఆ మధ్యాహ్నం మురళి దిగువకోడులోనే భోంచేశాడు. రాజ్యం గారు చింతచిగురు రొయ్యలు వండింది. చెంపకు కుట్లు వేయించుకొచ్చిన ప్రసాదు నమలలేక, బావకు కొసరి కొసరి వడ్డించాడు.

“మీ దెబ్బ పడ్డాకే పడ్డాడు బావా.”

“మీ గెడ తగలకపోతే నాకందేవాడా బావా?”

మాధవీలత నెయ్యి వేసింది. కంచంలో కాదు, బయట పడింది.

సూపర్‌వైజరు గారు కాకినాడ పెద్దాసుపత్రిలో ప్రాణం వదిలారు. పేపర్లు ‘కట్టలు తెగిన ప్రజాగ్రహం’ అన్నాయి. ప్రతిపక్షంవాళ్ళు వచ్చి సర్కారు నిర్లక్ష్యమే చంపిందన్నారు. సర్కారు మనిషి వచ్చి ప్రజల అజ్ఞానం అన్నాడు. ఎవరికి కావలసిన ముక్క వాళ్ళు పట్టుకెళ్ళారు. ఈ జ్వరానికి ఎవరూ చావలేదని సర్కారు అంది. ఆయన్ని ఎవరూ కొట్టలేదని రెండూళ్ళూ అన్నాయి. లెక్క సరిపోయింది. ఆయన భార్య మాత్రం ఆఫీసుల చుట్టూ తిరుగుతోందని, ఉద్యోగులు అమలాపురంలో ధర్నా చేస్తున్నారని, అందుకే ఎస్సై వస్తున్నాడని కబురొచ్చింది. ముందురోజు మురళి వచ్చి చెల్లెలి ఇంట్లోనే పడుకున్నాడు. రెండూళ్ళ మాటా ఒకటే ఉండాలి గదా.

ఎస్సై వెంకటస్వామి వచ్చి గంగరాజు గారి అరుగు మీద కూర్చున్నాడు. ఆయనకూ గున్యాయే. కూర్చోవడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. రాసే కానిస్టేబులు వేళ్ళు వాచి పెన్ను పిడికిట్లో గరిటెలా పట్టుకున్నాడు. రెండూళ్ళ మగాళ్ళూ వీధిలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆడవాళ్ళు గుమ్మాల్లో.

“ఎవరు కొట్టేరండీ?”

“ప్రజలండి” అన్నారు గంగరాజు గారు.

“ప్రజలంటే ఎవరండీ? పేర్లు?”

“ప్రజలకి పేర్లేటండీ. ప్రజలంటే ప్రజలేనండి. మీకు తెలీందేముంది.”

ఎస్సై నవ్వాడు. నవ్వితే మెడ పట్టేసింది. “సరే. రాయవయ్యా, గుర్తుతెలియని ప్రజలు...”

టీ గ్లాసులు తెచ్చింది మాధవీలత. పళ్ళెం అరుగు మీద పెట్టింది.

“ఒక పేరు నేను చెబుతానండి. మాధవీలత. నేనేనండి.”

“నువ్వు కొట్టేవామ్మా?”

“కేకేసేనండి. మా అన్నయ్యని మావారు పొడిచేస్తుంటే ఆపడానికి, సూపర్‌వైజరుగారిని చూపించేను. కుండ తన్నేడని చెప్పేను. ఆ కుండలు తన్నాల్సినవేనండి. దోమలు అందులోనే పుడుతున్నాయి. శ్రావణం నుంచి మా ఇంటి కుండ వారానికి రెండుసార్లు నేనే పారబోస్తున్నాను. ఆయన చేసింది ఒక్కసారి, నేను చేసింది ఎన్నోసార్లు. నాకు దణ్ణాలు పెట్టేరు, ఆయన్ని చంపేరు.”

మనిషి చచ్చిన సంగతికి ఇన్నాళ్ళూ కదలని జనం కుండ సంగతికి కదిలారు.

“కుండ కదిపిందా? శ్రావణం నుంచా? మా అచ్చాయమ్మని చంపిందిదేనండీ!”

మొదట గంగరాజు గారి భార్య జుట్టు పట్టుకుంది. ఎవరో చెంప మీద కొట్టారు, ఎవరో వీపు మీద గుద్దారు. టీ గ్లాసు నుదుటి మీద పగిలింది. రాజ్యం గారు కోడలికి అడ్డం వెళ్ళినట్టే వెళ్ళి, మధ్యలో కుండ గుర్తొచ్చి, తనూ ఒకటి వేసింది. కానిస్టేబుళ్ళు ఇద్దరు పెడబొబ్బలు పెడుతూ కర్రలు తిప్పారు. వాళ్ళ కీళ్ళకూ గున్యాయే గనక కాస్త ఆలస్యం అయింది.

మాధవీలత నుదుటి నెత్తురు పమిటతో ఒత్తుకుని మళ్ళీ అరుగు దగ్గరికొచ్చింది.

“మిగతా పేర్లు రాసుకోండి.”

ఎస్సై గొంతు తగ్గించాడు. “అమ్మా, అవసరమా? గుర్తుతెలియని ప్రజలంటే పైవాళ్ళకీ హాయి, ఊరికీ హాయి. ఫైలు మూతపడిపోతాది. మీ ఇంటాయన కదా, మీ అన్న కదా.”

“ఆయ్. ఆళ్ళే. ముందు గెడ మా అన్నయ్యదండి. తర్వాత గునపం మావారిది. రాయి లోవరాజుగారిది. చెప్పు గంగరాజుగారిది, దానికి పెద్ద దెబ్బేం తగల్లేదు, అయినా రాయండి. ఇంకా చెబుతాను.”

ప్రసాదు జనంలోంచి ముందుకొచ్చాడు. చెంప మీద కుట్లు ఉబ్బి ఉన్నాయి.

“ఏటే నువ్వు చెప్పేది? నేనా? మొదట కొట్టింది మీ అన్న! అతను పడగొడితేనే గదా! పడ్డ మనిషికి నాది ఊరికే అలా తగిలింది.”

“ఊరికేనా?” మురళి కుంటుకుంటూ వచ్చాడు. “కాళ్ళ మీద కొడితే చస్తారండీ మనుషులు? తల పగలగొట్టింది మీరు! ఎస్సైగారూ, గునపం ఆయనది, వాళ్ళింటి పెరట్లోదండి, చూపిస్తాను!”

“కువైట్‌ నుంచి రోగాలు తెచ్చిన ఎదవ్వి...”

“తమరు మూసుకోండి, పెళ్ళాం చేత కుండ కడిగించుకుని బతికినోడు...”

స్టేషనులో పనిచేసే బేడీలు ఒక్క జతే. ఒకదాన్ని ప్రసాదు కుడిచేతికి, రెండోదాన్ని మురళి ఎడమచేతికి వేశారు. జీపు వెనక ఇద్దరినీ ఎక్కించారు. ఆడ కానిస్టేబులు లేదు, రేపు పంపుతానని ఎస్సై అన్నాడు. మాధవీలత వినకుండా ముందు సీటెక్కి కూర్చుంది. ఊళ్ళో ఆ రోజు ఆమె పడుకునే ఇల్లంటూ లేదని ఎస్సైకీ తెలుసు. జరిగి చోటిచ్చాడు.

జీపు కదిలీ కదలకముందే వెనక మొదలైంది. బేడీ వేసిన చెయ్యి లాగితే ఇద్దరి చేతులూ కలిసే లేస్తున్నాయి. ప్రసాదు కొడితే మురళి మణికట్టు కోసుకుపోతోంది, మురళి కొడితే ప్రసాదుది. అయినా ఆపలేదు. ఖాళీగా ఉన్న చేతులతో ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు. కుట్లు తెగిన చెంప నుంచి నెత్తురు సీటు మీదుగా చిమ్మి మాధవీలత మెడ మీద వెచ్చగా పడింది. వెనకున్న కానిస్టేబులు లాఠీతో ఇద్దరినీ పొడుస్తూ వేడుకుంటున్నాడు.

“అమ్మా, చంపుకుంటారు. చెప్పమ్మా, నీ మాటంటే వింటారు” అన్నాడు ఎస్సై.

ఎదురుగా రోడ్డు మీద, మిషనుకి డీజిలు పోయించని పంచాయితీ మనిషి ఒకడు సైకిలు మీద వస్తున్నాడు. మాధవీలత అతన్ని చూసింది. మళ్ళీ ‘అదిగో’ అనబోయి నోరు తెరిచింది. మూసుకుంది. సీటు మీద వెనక్కి తిరిగి, రెండు చేతులూ ఆ రెండు గొంతుల మధ్యకు దూర్చింది. ఒక దెబ్బ ఆమె వేళ్ళ మీద పడింది. రెండోది కూడా. ఆమె చేతులు తియ్యలేదు.